బాబుకి తుంటి ఎముక ప్లేట్ ఆపరేషన్, తిరుపతిలో మేము వెళ్లిన హాస్పిటల్ గురించి

మా వాడికి తొమ్మిదేళ్లు. పోయిన ఏడాది ఎండాకాలం సెలవుల్లో మిద్దె మీద నుంచి పడ్డాడు. కుడికాలు బయటికి తిరిగిపోయి పొట్టిగా కనిపిస్తా ఉంది, చెయ్యి కూడా పెట్టనివ్వలేదు. మా అత్తమ్మ పుత్తూరు తీసకపోయి కట్టు కట్టిద్దాం అనింది, మా వైపు ఎముక విరిగితే అందరికీ ముందు గుర్తొచ్చేది అదే కదా, కానీ ఎక్స్‌రే తీయిస్తే తుంటి దగ్గర తొడ ఎముక మెడ మొదట్లో విరిగింది అన్నారు.

పిల్లల్లో ఇది చాలా అరుదంట, విరిగే ఎముకల్లో వందకి ఒకటి కూడా ఉండదంట. తొడ ఎముక పైకొసన, ఆ మెడ మీద గుండ్రంగా ఉండే తుంటి బంతికి రక్తం పోయే నరాలు ఆ మెడ పక్కనుంచే పోతాయి, అవి దెబ్బతింటే బంతి చచ్చుబడిపోతుంది, అందుకే 24 గంటల్లోపు సరిచేయాలని డాక్టర్ గారు చెప్పి ఆ రాత్రే థియేటర్‌కి తీసుకెళ్లారు. ఈ ఒక్క విషయానికి ఆయనకి జీవితాంతం రుణపడి ఉంటాం.

మర్నాడు ఎక్స్‌రే లైట్‌కి పెట్టి పెన్ను క్యాప్‌తో చూపించారు. పిల్లల సైజు ప్లేటు, మెడలోకి మూడు స్క్రూలు, వాటి పైన సన్నగా నల్లటి గీత. "అమ్మా, ఎముక ఎదిగేది ఇక్కడే, స్క్రూలు దీనికి ఇవతలే ఆపాం" అన్నారు. అంత ఓపిగ్గా చెప్పే డాక్టర్‌ని నేను చూళ్లేదు.

ఇక బాధపడింది డిశ్చార్జ్ దగ్గర. నడుం నుంచి పాదం దాకా పిండికట్టు, ఆరు వారాలు. వాడికి బెడ్‌పాన్ ఎట్ల పెట్టాలి, కట్టు తడవకుండా ఎట్ల కడగాలి, ఎట్ల తిప్పి పడుకోబెట్టాలి, ఒక్కరూ చూపించలేదు, పేపర్ చేతిలో పెట్టి పంపించేశారు. ఇంటికొచ్చిన మూడో రోజుకే కట్టు అంచు ఒరుసుకుని తొడ మీద పుండు పడింది. వీధిలో ఉండే నర్సమ్మ వచ్చి అంచు చుట్టూ దూది పెట్టి ప్లాస్టర్ అతికించడం నేర్పింది, అది హాస్పిటల్ వాళ్లు చేయాల్సిన పని. ప్లేటు డబ్బులు కూడా ముందు చెప్పిన ఎస్టిమేట్‌లో లేవు, బిల్లులో చూసి మా ఆయన అప్పటికప్పుడు అప్పుకి పరిగెత్తాడు.

ఫాలో అప్ మాత్రం గట్టిగా ఉంది. నొప్పి లేకపోయినా రెండేళ్లు ఎక్స్‌రేలకి రావాల్సిందే అంటారు, బంతి చచ్చుబడేది ఆలస్యంగా కూడా బయటపడొచ్చంట. మీ పిల్లలు బాగా నడుస్తున్నారని దయచేసి ఇవి మానొద్దు.

ఇప్పటికి 14 నెలలు. బంతి బాగుంది, కుంటు లేదు, స్కూల్‌కి సైకిల్ మీద పోతున్నాడు. వచ్చే నెల ప్లేటు తీయించడానికి ఆ డాక్టర్ దగ్గరికే పోతాం, బిల్లు మాత్రం ఈసారి ముందే రాయించుకుంటాం.