మొరం గ్రౌండ్లకు ఏ గోల్‌కీపర్ గ్లోవ్స్? ఏళ్ల తరబడి వాడాక నా మాట

గోల్‌కీపర్ గ్లోవ్స్ మీద నెట్‌లో దొరికే సమీక్షలు దాదాపు అన్నీ పచ్చగడ్డి మీద ఆడేవాళ్లు రాసినవే. నేను ఆడేది మొరం మీద. హన్మకొండ, కాజీపేట, జమ్మికుంట, పెద్దపల్లి, గోదావరిఖని, మంచిర్యాల... ఎక్కడ టోర్నమెంట్ ఉండి కీపర్ దొరకకపోతే అక్కడికి గెస్ట్‌గా పోతాను. "అన్నా, ఆదివారం మా కీపర్ వస్తలేడు, నువ్వు రావాలె" అని రెండు రోజుల ముందు ఫోన్ వస్తుంది. రానుపోను ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం, గెలిస్తే చేతిలో కొంత. సొంత టీం లేదు కాబట్టి సొంత గ్రౌండ్ కూడా లేదు. ఒక వారం ఎర్రమట్టి, ఇంకో వారం నల్లరేగడి, మధ్యలో గంటకింత అని అద్దెకిచ్చే టర్ఫ్. బ్యాగులో గ్లోవ్స్ మాత్రం ఒకటే జత. అన్ని నేలలకూ ఆగాల్సింది అదే.

కంపెనీ పేరు చెప్పను. ఒకే కంపెనీ మంచి రకం, మామూలు రకం రెండూ అమ్ముతుంది. చూడాల్సింది అరచేతి వైపు అతికించే లాటెక్స్ నురగ. ఖరీదు జతల్లో అది మెత్తగా, ముట్టుకుంటే వేలికి అంటుకునేలా ఉంటుంది. తక్కువ ధర జతల్లో గట్టిగా, రబ్బరు చెప్పు అడుగుకు దగ్గరగా ఉంటుంది. మందం రెండింట్లోనూ మూడు నాలుగు మిల్లీమీటర్లే. పట్టులో మాత్రం చాలా తేడా, మన్నికలో అంతకంటే ఎక్కువ తేడా. పైగా ఆ రెండూ ఎదురెదురుగా నడుస్తాయి. పట్టు పెరిగేకొద్దీ మన్నిక తగ్గుతుంది.

మెత్తటి రకం మొదట వేసుకున్నప్పుడు కలిగే ఆనందం నిజం. గట్టి షాట్ వచ్చినా బంతి చేతుల్లోనే ఆగిపోతుంది. వానలో తడిసిన బంతి కూడా జారదు. కానీ మొరం మీద డైవ్ చేస్తే శరీరంతో పాటు చెయ్యి కూడా నేలను గీసుకుంటూ పోతుంది. మొరంలోని సన్నరాళ్లు లాటెక్స్‌ను గీరేస్తాయి. ముందు పోయేది మణికట్టుకు ఆనుకుని ఉండే అరచేతి కింది భాగం, తర్వాత బొటనవేలి మొదలు. నాది కుడివైపు డైవ్ ఎక్కువ కాబట్టి కుడి గ్లోవ్ ముందు పోతుంది. ఒకచోట చిరుగు మొదలైందంటే పాత గోడ సున్నం పెచ్చులు ఊడినట్టు ఊడుతూనే ఉంటుంది, కింద గుడ్డ కనిపించేదాకా. సీజన్ సగం గడవకముందే నా మెత్తటి జతలన్నీ ఈ స్థితికి వచ్చాయి. గట్టి రకం జత సీజన్ దాటి కూడా ప్రాక్టీసుకు పనికొస్తుంది.

ఇంకో సంగతి చాలామంది రాయరు. గ్లోవ్స్‌ను డైవ్ కంటే ఎక్కువగా అరగదీసేది లేచే పద్ధతి. కింద పడ్డాక అరచెయ్యి నేలకు ఆనించి, బరువంతా దాని మీద వేసి లేస్తారు. మ్యాచ్‌లో ఎన్నిసార్లు లేస్తామో అన్నిసార్లు లాటెక్స్ నలుగుతుంది. పిడికిలి మీదో మోచేతి మీదో లేవడం అలవాటు చేసుకుంటే అదే జత ఇంకా చాలాకాలం వస్తుంది. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు షాట్లు ఆపడం కంటే ముందు ఇదే చెప్తాను.

గట్టి అరచేతితో నష్టం లేదని అనను. కార్నర్ నుంచి గాల్లోకి వచ్చిన బంతిని గుంపు మధ్యలో ఎగిరి పట్టాలంటే భయం వేస్తుంది. అందుకే అలాంటి బంతుల్ని నేను పట్టకుండా పిడికిలితో దూరంగా కొడతాను. బంతి మన దగ్గరే ఉండాల్సింది, మళ్లీ ఆటలోకి పోతుంది. డిఫెండర్లు బాగుంటే ఫర్వాలేదు, లేకపోతే రెండో షాట్‌కు సిద్ధంగా ఉండాల్సిందే.

పెనాల్టీల దగ్గర మాత్రం ఏ గ్లోవ్ అయినా ఒకటే. అక్కడ బంతిని పట్టడం అరుదు, తోసేయడమే. కుర్రాళ్లు గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఏ గ్లోవ్స్ వాడతాడని అడుగుతుంటారు. ఆయన కెరీర్‌లో చూడాల్సింది గ్లోవ్స్ కాదు, గోవాలోని ఫతోర్దా స్టేడియం. 2015 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్ అక్కడే జరిగింది, ఎఫ్‌సీ గోవాకూ చెన్నై జట్టు చెన్నైయిన్‌కూ మధ్య. కట్టిమణి సొంత రాష్ట్రం జట్టు గోవాకు కీపర్. గోవా 2-1తో ముందుంది. 90వ నిమిషంలో సెల్ఫ్ గోల్ ఆయన పేరున పడింది, ఇంజురీ టైమ్‌లో చెన్నైయిన్ ఆటగాడు మెండోజా ఇంకొకటి కొట్టాడు, కప్పు చెన్నైయిన్ ఎత్తుకెళ్లింది. 2022 మార్చి 20న మళ్లీ ఫైనల్, అదే ఫతోర్దా, ఈసారి ఒంటి మీద హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీ. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, షూటౌట్. ముగ్గురి షాట్లు ఆపాడు. అందులో నిషు కుమార్ షాట్ ఆపాక రిఫరీ మళ్లీ కొట్టించాడు, రెండోసారీ ఆపాడు. హైదరాబాద్ 3-1తో గెలిచింది. జట్టు మారిన కీపర్‌కు పాత స్కోరు అడ్డం కాదని ఇంత గట్టిగా చూపించిన మ్యాచ్ నాకు ఇంకొకటి తెలియదు. ఫోన్ వచ్చిన ప్రతి ఆదివారం నాకు ఆ మ్యాచే గుర్తొస్తుంది.

మన దగ్గర పుట్టిన పాతకాలం గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ గురించి కుర్రాళ్లలో ఎక్కువమందికి తెలియకపోవడం నాకు బాధ. హైదరాబాద్‌లో పుట్టి, సికింద్రాబాద్ క్లబ్బుల్లో మొదలై, సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు వెళ్లి, ఆ తర్వాత కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడారు. 1956, 1960 ఒలింపిక్స్, 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం ఆయన ఖాతాలో ఉన్నాయి. ఇప్పటి లాటెక్స్ గ్లోవ్స్ లేని కాలం అది.

కొనేటప్పుడు సైజు ముఖ్యం. బొటనవేలు వదిలేసి అరచెయ్యి చుట్టూ టేపుతో అంగుళాల్లో కొలిచి, పైఅంకెకు సరిచేసి, దానికి ఒకటి కలపాలి. ఎనిమిది అంగుళాలుంటే తొమ్మిదో సైజు. వేళ్ల చివర కొంచెం ఖాళీ ఉండాలి, బిగుతుగా ఉంటే కుట్లు తొందరగా విచ్చుకుంటాయి. వేళ్లలో ప్లాస్టిక్ పుల్లలు పెట్టినవి వేలు వెనక్కి వంగకుండా కాపాడతాయి కానీ బంతి స్పర్శ సరిగా తెలియనివ్వవు. వేలికి పాత దెబ్బ ఉంటే తప్ప వద్దంటాను.

ఇక వాడకం. పొడి దుమ్ము పట్టిన లాటెక్స్ నున్నగా జారుతుంది, తడిపితే పట్టు తిరిగొస్తుంది. అందుకే గోల్‌పోస్టు పక్కన ఎప్పుడూ రెండు సీసాలు పెట్టుకుంటాను, ఒకటి తాగడానికి, ఒకటి గ్లోవ్స్‌కు. మ్యాచ్ అయ్యాక గోరువెచ్చని నీళ్లలో, గ్లోవ్స్ చేతికి ఉండగానే, ఒకదానితో ఒకటి మెల్లగా రుద్ది కడగాలి. బట్టల సబ్బు, సర్ఫ్ తగలకూడదు. పిండకుండా నీడలో వేలాడదీయాలి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రామగుండం వైపు వెళ్లినప్పుడు గ్లోవ్స్‌ను బండి డిక్కీలో వదలొద్దు, లాటెక్స్ ఎండిపోయి పగుళ్లు వస్తాయి. రెండు అరచేతులూ ఎదురెదురుగా అంటించి పెట్టొద్దు, అతుక్కుని విడదీసేటప్పుడు ఊడిపోతాయి. మణికట్టు పట్టీ వెల్క్రోలో ఎర్రదుమ్ము పేరుకుంటుంది, పాత టూత్‌బ్రష్‌తో దులిపితే చాలు.

నా ఎంపిక ఇది. కాలేజీ టీంలో ఉండి గడ్డి గ్రౌండ్ మీదే ఆడేవాళ్లు మెత్తటి రకం కొనుక్కోండి, మ్యాచ్‌లకు మాత్రమే వాడండి. ఊరూరా తిరిగి మొరం మీద నిలబడేవాళ్లు వెయ్యి లోపు దొరికే గట్టి అరచేతి జత తీసుకోండి. టర్ఫ్‌లో రాత్రి ఆటలు ఆడేవాళ్లకూ ఇదే చెప్తాను, ఆ ప్లాస్టిక్ గడ్డి రాపిడి కూడా మెత్తటి లాటెక్స్‌ను మిగల్చదు. వానాకాలం టోర్నమెంట్లకు వీలైతే ఒక మెత్తటి జత విడిగా దాచుకోండి. బురదలో గీరే రాళ్లు తక్కువ, పట్టు అవసరం ఎక్కువ, ఆ డబ్బుకు అప్పుడే న్యాయం జరుగుతుంది.