రాయగడ మజ్జిగౌరమ్మ, ఆ చుట్టుపక్కల

విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం దాటి రైలు ఒడిశాలోకి వెళ్తే రాయగడ. పేరుకు వేరే రాష్ట్రమే గాని, స్టేషన్లో దిగిన దగ్గర్నుంచి తెలుగుతోనే పని జరిగిపోతుంది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా మన విశాఖపట్నం జిల్లాయే కదా!

మజ్జిగౌరమ్మ గుడికి ఆదివారం మాత్రం వెళ్లకండి. మన శ్రీకాకుళం, విజయనగరం జనమంతా ఆ రోజు అక్కడే ఉంటారు. మామూలు రోజైతే తోపులాట లేకుండా దర్శనం అయిపోతుంది. గర్భగుడిలో అమ్మవారి ముఖం ఒక్కటే కనిపిస్తుంది. రైలు మార్గం వేసే రోజుల్లో ఇక్కడి వంతెన కట్టినప్పుడల్లా కూలిపోతుంటే, అమ్మ కాంట్రాక్టరు కలలోకి వచ్చి గుడి కట్టమందని చెప్పుకుంటారు. చైత్ర మాసం ఉత్సవాల్లో నిప్పుల మీద నడుస్తారు. అప్పుడు వెళ్లాలనుకుంటే గది ముందే చూసుకోవాలి.

గుడి బయట కొట్లవాళ్లు "అమ్మా, చెప్పులిక్కడ ఒగ్గేయండి, డబ్బులొద్దు" అని పిలుస్తారు. డబ్బులొద్దన్నది నిజమే, కొబ్బరికాయ, పూలు వాళ్ల దగ్గరే కొంటే!

మేము స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి గాని వేడినీళ్లు పొద్దున కాసేపే. రాత్రంతా గూడ్సు బళ్ల కూతలు. నిద్ర తేలికైనవాళ్లు స్టేషన్‌కి కాస్త దూరంగా గది తీసుకోవడం మేలు. భోజనానికి ఇబ్బంది లేదు, పప్పు, చారు, వేపుడుతో మన భోజనమే దొరుకుతుంది.

నన్నడిగితే ఎక్కువసేపు ఉండాల్సింది హాతీపత్థర్ దగ్గర. ఊరికి దగ్గర్లోనే నాగావళి బండల మధ్య నుంచి దూకుతుంది. ఏనుగుల్లాంటి ఆ రాళ్లమీద నీటి చారలు, నాచు. వానాకాలంలో ప్రవాహం చూస్తే టెన్షన్ వస్తుంది, పిల్లల్ని కిందికి దింపొద్దు. శీతాకాలమైతే బండమీద కూర్చుని పులిహోర తినొచ్చు. ఆటోను రానుపోను మాట్లాడుకోండి, తిరుగు ప్రయాణానికి అక్కడ బండి దొరకడం కష్టం.

కల్యాణసింగపూర్ వైపున్న దేవగిరి కొండ కూడా బాగుంటుందంటారు. పైన గుహలో శివలింగం, నీటి గుంటలు ఉన్నాయి. కానీ మెట్లు నాలుగు వందల పైనే. గుడి, హాతీపత్థర్, దేవగిరి మూడూ ఒక్కరోజులో పెట్టుకుంటే మోకాళ్లు ఒప్పుకోవు. అమ్మమ్మల్ని తీసుకెళ్తే మాత్రం దేవగిరి మానేసి సాయంత్రం రైలెక్కేయండి.