55 అంగుళాల 4కె టీవీ, మూడేళ్ల వాడకం: హెచ్‌డీ సినిమాలో ఆ ఇసుక ఎక్కడిది?

రోజుకి మూడు నాలుగు గంటల చొప్పున మూడేళ్లు నడిచిన మధ్యరకం ఎల్‌ఈడీ టీవీ ఇది. ప్యానెల్ మీద ఫిర్యాదేమీ లేదు. ఉన్నదల్లా కంపెనీ పెట్టి పంపిన పిక్చర్ సెట్టింగుల మీదే. బొమ్మ మీద ఇసుక జల్లినట్టు కనిపిస్తే చాలామంది ముందు టీవీని తిడతారు, తర్వాత ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ కొంటారు. రెండూ తొందరపాటే.

ముందు ఆ ఇసుక ఏ రకమో చూడాలి. సినిమాని ఓ ముఖం దగ్గర పాజ్ చేసి, తెరకి రెండడుగుల దూరంలో నిలబడితే చాలావరకు తెలిసిపోతుంది. ముఖం మీదా ఆకాశం మీదా సన్నగా, ఒకే తీరుగా పరుచుకుని ఉంటే అది ఫిల్ము గ్రెయిన్. రీలు మీద తీసిన సినిమాకి అది సహజం, దాని జోలికి పోవద్దు. ముఖం బాగానే ఉండి వెనకున్న చీకటి గోడ మాత్రం గళ్లుగళ్లుగా విడిపోతే కంప్రెషన్ (ఫైలు సైజు తగ్గించడానికి బొమ్మని కుదించడం) ఎక్కువైందని అర్థం. ఆకాశానికి అడ్డంగా ఉన్న కరెంటు తీగ పక్కన తెల్లటి గీత కనిపిస్తే షార్ప్‌నెస్ పెరిగిపోయింది. సినిమా నడుస్తుండగా తెల్లచుక్కలు మెరిసి మాయమవుతుంటే, అప్పుడు మాత్రమే కేబుల్‌ని అనుమానించాలి. హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సిగ్నల్. కేబుల్ పాడైతే చుక్కలు మెరుస్తాయి, బొమ్మ ఆగిపోతుంది, లేదా తెర నల్లబడుతుంది. అంతేగానీ గరుకుదనం రాదు.

ఈ టీవీ 'వివిడ్' మోడ్‌లో వచ్చింది. షోరూం లైట్ల కింద మెరవడానికి పనికొచ్చే మోడ్ అది, ఇంట్లో దానితో పనిలేదు. షార్ప్‌నెస్ కొత్త వివరాన్నేమీ తెచ్చిపెట్టదు, అంచుల దగ్గర కాంట్రాస్ట్ పెంచుతుంది. ఇసుక రేణువుకీ అంచు ఉంటుంది కదా, అదీ లావెక్కుతుంది. మోడ్‌ని 'సినిమా'కో 'ఫిల్మ్‌మేకర్'కో మార్చగానే ఇక్కడ సగం గరుకుదనం పోయింది. ఆపైన షార్ప్‌నెస్ తగ్గించాలి. చాలా టీవీల్లో 0 దగ్గర బొమ్మ ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. సోనీ టీవీల్లో మాత్రం ఆ స్థానం 50, అక్కడ సున్నా పెడితే బొమ్మ మసకబారుతుంది. ఒక చిక్కు: ఈ సెట్టింగులు ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకీ, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే ఫార్మాట్) సినిమాకీ విడివిడిగా గుర్తుంటాయి. ఒకచోట మార్చి అంతటా మారాయనుకుంటే పొరపాటే.

నాయిస్ రిడక్షన్ (బొమ్మలోని గరుకుదనాన్ని, అంటే నాయిస్‌ని చెరిపే సెట్టింగు) 'హై'లో పెడితే ఇసుకతోపాటు చర్మం మీది గీతలూ పోయి, మనిషి మైనపు బొమ్మలా తయారవుతాడు. మామూలు ఎస్‌డీ (హెచ్‌డీ కాని) ఛానెళ్లకి 'లో' చాలు. మంచి ప్రింటుకి ఆఫ్ చేయడమే మేలు.

చీకటి సీన్లు కనబడటం లేదని బ్రైట్‌నెస్ పెంచే అలవాటు ఇంకోటి. చాలా టీవీల్లో ఆ మీట నలుపుని పైకి లేపుతుంది, అందులో దాగి ఉన్న నాయిసంతా బయటపడుతుంది. పెంచాల్సింది బ్యాక్‌లైట్, అంటే తెర వెనక దీపాల వెలుగు.

ఇక అసలు సంగతి, బొమ్మ ఎక్కడినుంచి వస్తోందన్నది. 1080పిలో, అంటే ఫుల్ హెచ్‌డీ బొమ్మలో ఉండేవి దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు, 4కె తెర మీద దాదాపు 83 లక్షలు. ఒక్కో చుక్కని నాలుగు చేసి పరవాలి, అందుకే పాత చిన్న టీవీలో కనబడని లోపం ఇందులో కనబడుతుంది. రెండున్నర గంటల సినిమా 1.5 జీబీ ఫైలులో ఉంటే సెకనుకి దక్కేది 1.3 మెగాబిట్లే. బ్లూరే డిస్కులో వీడియోకే 40 మెగాబిట్ల దాకా వెళ్లొచ్చు. పేరులో 1080పి అని ఉన్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదు, ఫైలు సైజు చూడండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. దానికోసం ఫైలుని కుదించేకంటే డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయడం నయం. టీవీ దాన్ని చదువుతుందో లేదో ముందు చూసుకోవాలి, ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది. యూట్యూబ్‌లో హెచ్‌డీ అని రాసి ఉన్న పాత తెలుగు సినిమాల్లో చాలావాటిది వీడియో టేపు నుంచి సాగదీసిన బొమ్మే, దానికి టీవీ చేయగలిగిందేమీ లేదు.

ఓటీటీలో ముందు ప్లాన్ చూసుకోవాలి, చవక ప్లాన్లు చాలావరకు 480పి లేదా 720పి దగ్గరే ఆగుతాయి. చవక ఆండ్రాయిడ్ బాక్సుకి వైడ్‌వైన్ ఎల్1 (సినిమా కాపీ కాకుండా కాపాడే తాళంలో పై స్థాయి) లేకపోతే, ప్లాన్ ఎంత పెద్దదైనా చాలా యాప్‌లు 480పినే ఇస్తాయి. అదే సినిమాని టీవీలోని యాప్‌లో పెట్టి చూస్తే తేడా వెంటనే పట్టుబడుతుంది. సెటప్ బాక్సయితే మెనూలో అవుట్‌పుట్ 576 దగ్గర ఉండిపోయిందేమో చూసి 1080ఐకి మార్చాలి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ వైరుతో కలిపి ఉంటే హెచ్‌డీ అన్న మాటే లేదు.

దూరం కూడా లెక్కే. ఈ సైజుకి 1080పి సినిమా ఏడడుగుల నుంచి బాగుంటుంది.

ఇన్ని చేసినా పోకపోతే టీవీ మెనూ తెరవండి. ఆ అక్షరాలు గీసేది టీవీయే, సినిమాతో సంబంధం లేదు. మెనూ మీద కూడా ఇసుక కదులుతుంటే తప్పు ప్యానెల్‌దో బోర్డుదో. వారంటీ ఉండగానే దాన్ని వీడియో తీసి సర్వీసు వాళ్లకి చూపించండి.