హ్యావ్ ఐ బీన్ పోన్డ్: ఆరేళ్లు వాడాక

మన ఈమెయిల్ ఏయే డేటా లీకుల్లో ఉందో చెప్పే ఈ సర్వీసు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆరేళ్ల కింద అలర్ట్ పెట్టుకుని మర్చిపోయాను. పెట్టి మర్చిపోవచ్చు, అదే దీని గొప్ప అని కనిపించినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి కూడా.

పోయినేడాది అలర్ట్ వచ్చింది. సైటు పేరు చూస్తే మొదట గుర్తే రాలేదు. ఎప్పుడో ఒకసారి ఏదో కొని, అకౌంట్ డిలీట్ చేసేసిన ఆన్‌లైన్ షాపు. డిలీట్ అయిందని వాళ్లు పంపిన మెయిల్ ఇంకా నా దగ్గరే ఉంది. అయినా లీకులో పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, పుట్టిన తేదీ అన్నీ ఉన్నాయట. (పుట్టినరోజు డిస్కౌంట్‌కి ఆశపడి ఇచ్చిన తేదీ. ఏం అనగలను?) ఇదేంటని రాస్తే, మీ పేరు మీద మా దగ్గర ఏ అకౌంటూ లేదని జవాబు.

హ్యాక్ చేసినవాళ్లు డబ్బు కోసం చేయలేదట. కంపెనీ తీరు నచ్చక బుద్ధి చెప్పారట. చెప్పింది కంపెనీకి, వీధిన పడ్డది మేము. వారం తిరక్కుండానే నా పాత ఆర్డరు వివరాలు చెప్పి, రీఫండ్ ఉంది ఓటీపీ చెప్పండంటూ ఫోన్లు. అలర్ట్ చూసి ఉన్నాను కాబట్టి పెట్టేశాను, లేకపోతే నమ్మేవాణ్ణే.

2015లో, పెళ్లయినవాళ్ల రహస్య సంబంధాల కోసం పెట్టిన యాష్లీ మాడిసన్ అనే సైటుదీ ఇదే కథ. 19 డాలర్లు తీసుకుని కూడా వివరాలు పూర్తిగా చెరపడం లేదని ఆ సైటును నిలదీసిన ఇంపాక్ట్ టీమ్ అనే హ్యాకర్ల గుంపు, చివరికి ఆ వివరాలనే బయట పోసింది. అలాంటి సున్నితమైన లీకులు హ్యావ్ ఐ బీన్ పోన్డ్‌లో ఎవరు పడితే వాళ్లు వెతికితే కనిపించవు, మెయిల్ తమదేనని రుజువు చేసుకున్నవాళ్లకే చూపిస్తారు. ఈ సర్వీసు నడిపే ట్రాయ్ హంట్ మీద నాకు గురి కుదిరింది అక్కడే.

మర్చిపోవచ్చన్న మాట మాత్రం ఇప్పుడు అనను. దొంగిలించిన డేటా ఈ సర్వీసు చేతికి అందాకే అలర్ట్ వస్తుంది, అప్పటికి అది ఎన్ని చేతులు మారిందో. పైగా మెయిల్ అడ్రసులో మన పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి షాపు పేరు తగిలించే (పేరు+షాపు@ లాగా) అలవాటు ఉంటే, అలాంటి ప్రతి అడ్రసునూ విడిగా నమోదు చేసుకోవాలి.

నేను సైటుకో పాస్‌వర్డ్ వాడతాను కాబట్టి ఫోన్ల గోలతో పోయింది. అన్నిటికీ ఒకటే వాడేవాళ్ల సంగతి నాకు తెలీదు. ప్లస్ అడ్రసులు మూడు నమోదు చేశాను, మిగతావి ఎక్కడెక్కడ ఇచ్చానో గుర్తు రావడం లేదు.