పదో తరగతి ప్రత్యేక తరగతులు: పొద్దున పెట్టాలా, సాయంత్రమా?

దేవరకొండ, అచ్చంపేట వైపు బడుల్లో ఏటా ఇదే చర్చ. ముందుగా చూడాల్సింది బస్సు వేళలు, సిలబస్ తర్వాత.

చదువు: పొద్దున బుర్ర తేటగా ఉంటుంది, లెక్కలకు, ఫిజిక్స్‌కు అదే సమయం. పరీక్ష కూడా 9:30కే కాబట్టి ఆ వేళకు రాయడం అలవాటవుతుంది. సాయంత్రం అలసిపోయి ఉంటారు. కొత్త పాఠం ఎక్కదు, చదివించడం, అప్పజెప్పించుకోవడం నడుస్తాయి.

ఆకలి: పొద్దున వచ్చేవాళ్లలో చాలామంది తినకుండానే వస్తారు. పత్తి ఏరే రోజుల్లో అమ్మలు తెల్లారకముందే చేనుకు పోతారు, పొయ్యి పని, తమ్ముళ్ల పని ఆడపిల్లల మీదే పడుతుంది. ఆలస్యంగా వచ్చిందని బయట నిలబెట్టడం అన్యాయం. సాయంత్రమైతే శనగ గుడాలు పెట్టొచ్చు: మనిషికి 40 గ్రాములు, 30 మందికి కిలో 200 గ్రాములు, ముందురోజు రాత్రే నానబెట్టాలి. నానకపోతే ఉడకడానికి చాలాసేపు పడుతుంది.

దారి: డిసెంబరులో 5:45కల్లా పొద్దుగూకుతుంది. తండాకు నడిచిపోయే పిల్లలుంటే 5:15కే వదలాలి. ఉచిత ప్రయాణం ఉన్నా బస్సు రాకపోతే ఆడపిల్లకు లాభం లేదు.

సార్లకు: జిల్లా కేంద్రం నుంచి వచ్చేవాళ్లకు పొద్దున కష్టం. వంతులేసుకోవాలి.

ఊళ్లోని పిల్లలే ఎక్కువైతే పొద్దున పెట్టండి. బస్సు, తండా పిల్లలు ఎక్కువైతే సంక్రాంతి దాకా సాయంత్రం 45 నిమిషాలు చాలు. పత్తి ఏరుడు తగ్గాక పొద్దుటికి మార్చండి.