28 మి.మీ. మేక గాజుకళ్ళ సెట్: కళ్ళు తీసుకోండి, మిగతావి పక్కన పెట్టండి

ఆన్‌లైన్లో దొరికే ఈ సెట్‌లో రెండు గాజుకళ్ళు, చిన్న పొట్లం క్లే, నాలుగు గుండుసూదులు వస్తాయి. తిరుపతిలో మేకతలనో గొర్రెతలనో టాక్సీడెర్మీ (ఒలిచిన తోలును తల ఆకారపు అచ్చుమీద తొడిగి, బతికున్నట్టు నిలపడం) చేసి పెట్టాలనుకునే వెటర్నరీ విద్యార్థుల కోసం ఈ రివ్యూ. (అడవి జంతువుల జోలికి వెళ్ళొద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఊరుకోదు.)

కళ్ళకు వంక పెట్టలేం. కనుపాప చుట్టూ ఉండే వలయం తేనెరంగులో ఉంది, మధ్యలో కనుపాప అడ్డంగా, పలకగా, అచ్చం మేకకు ఉండాల్సినట్టే. వెనకవైపు రంగుపూత మాత్రం సున్నితం, థిన్నర్ తగిలిందా ఊడొస్తుంది. స్పిరిట్ తడిపిన దూదితో ముందువైపు మాత్రమే తుడవాలి.

సైజు దగ్గర తొందరపడొద్దు. మటన్ అంగడిలో అప్పుడే కోసిన తలకాయ తెచ్చి, కనుగుడ్డు బయటికి తీసి వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. ఉదయం కోసిన తలను సాయంత్రం కొలిస్తే నీరు ఇంకి కన్ను కుంగిపోయి ఉంటుంది, లెక్క తప్పుతుంది. గాజుకన్ను ఒక మి.మీ. తగ్గితే మట్టితో సర్దుకోవచ్చు. పెరిగితే రెప్ప అందదు, మేక బెదిరిపోయినట్టు కనిపిస్తుంది.

సెట్‌లోని క్లే నూనె కలిసినది. తోలు అంటించే పేస్టు దాన్ని పట్టదు, ఆరేకొద్దీ రెప్ప పైకి లేస్తుంది. దానికి బదులు పలచటి గుడ్డలో వడకట్టిన కుమ్మరి మట్టి మేలు. అదీ ఆరితే కుంచించుకుపోతుంది కాబట్టి బాగా పిసికి, నీళ్ళు తక్కువ పెట్టి వాడాలి. గుండుసూదులు తడితోలులో తుప్పు పట్టి రెప్ప మీద మరక వదులుతాయి. పురుగుల నమూనాలకు వాడే సన్నటి స్టెయిన్‌లెస్ సూదులు తెచ్చుకోండి.

ఇక అసలు పని. గోడమీద తల ఏ వంపులో ఉంటుందో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే మేక తల వంచి మేసేటప్పుడు కూడా కనుపాప నేలకు సమాంతరంగానే తిరిగి ఉంటుంది. అచ్చును ఆ వంపులో నిలబెట్టి, కనుపాపకు రసమట్టం చూసుకుని, గాజు అంచు మీద మార్కర్‌తో గీత గీసుకోండి. తోలు కప్పాక గుర్తు అదొక్కటే. గుంటలో మట్టి పెట్టి కన్ను కూర్చేటప్పుడు రెండు వాలులు ఉండాలి. పై అంచు కింది అంచుకన్నా కాస్త బయటికి రావాలి, ముక్కు వైపు అంచు చెవి వైపు అంచుకన్నా లోపలికి పోవాలి. ఈ రెండో వాలు మరిచిపోతే చూపు పక్కలకు చెదిరి చేపకన్నులా ఉంటుంది. ముక్కుకు ఎదురుగా నిలబడితే రెండు కనుపాపలూ సమానంగా కనిపించాలి.

రెప్పకు మందం ఇచ్చేది గాజు చుట్టూ పెట్టే మట్టి వత్తి. పైరెప్పకు దీపారాధన వత్తి అంత, కిందిరెప్పకు అందులో సగం చాలు. రెప్ప లోపలి పలచటి తోలును కోసి పారేయకండి. 5 మి.మీ. దాకా ఉంచి, వెనక మాంసం స్కాల్పెల్‌తో పూర్తిగా గీకేసి, మొద్దు సూదితో మట్టికీ గాజుకూ మధ్య దోపాలి. ముక్కు వైపు మూలలో మూడో రెప్ప జాగాను చిన్న మట్టిముద్దతో దిద్దండి. చాలామంది అక్కడ ఖాళీ గుంట వదిలేస్తారు, దానితోనే బొమ్మ అని తెలిసిపోతుంది.

ఆరబెట్టేటప్పుడే పని చెడేది. మన మే నెల ఎండకు ఫ్యాన్ కూడా తోడైతే రెప్ప అంచు ఒక్క రాత్రిలో బిగుసుకుని గాజు వదిలేస్తుంది. మొదటి 3 రోజులు కళ్ళమీద తడిదూది పెట్టి పైన ప్లాస్టిక్ కప్పండి, రోజుకు రెండుసార్లు తీసి అంచును సూదితో గాజుకు ఆనించండి. అప్పటికీ సందు పడితే పూర్తిగా ఆరాక ఎం-సీల్ సన్నగా కూరి, గట్టిపడకముందే తడి బ్రష్‌తో నున్నగా చేసి రంగు వేయొచ్చు. మెరిసే వార్నిష్ రెప్ప అంచుకూ లోపలి మూలకూ మాత్రమే.

కళ్ళకు ఐదుకు నాలుగు, సెట్‌కు రెండు. గొర్రెకు కూడా పనికొస్తుంది, కాకపోతే గొర్రెకు కంటి లోపలి మూల కింద చిన్న గుంట ఉంటుంది, మేకకు ఉండదు. తోలు దోపేముందే దాన్ని అచ్చులో తవ్వుకోవాలి.