విశాఖ నేవీ డే: విన్యాసాలకి ఎక్కడ నిలబడాలి, అంతకుముందు ఏం చూడాలి

యుద్ధనౌకలు, జెట్ విమానాలు, మెరైన్ కమాండోలు అన్నీ ఒకే సాయంత్రం కళ్లెదుట కనిపించాలంటే విశాఖ ఆర్కే బీచ్‌కి మించిన చోటు లేదు. పాసులున్న వాళ్లకి కుర్చీలు, మిగతా జనానికి ఇసుక, బీచ్ రోడ్డు గోడ. పైసా ఖర్చు లేదు. అయితే సాయంత్రం నాలుగింటికొచ్చి ఆరున్నరకి వెళ్లిపోయేవాళ్లు ఈ పండగలో సగమే చూస్తారు. మిగతా సగం అదే రోడ్డు మీద, మ్యూజియాల్లో ఉంది.

ముందు తేదీ సంగతి. నేవీ డే డిసెంబరు 4 కదా అని ఆ రోజుకి రైలు టికెట్లు తీసేసుకోకండి. 2022లో దేశం మొత్తానికి ప్రధాన వేడుక రాష్ట్రపతి సమక్షంలో విశాఖలోనే జరిగింది. 2023లో అది సింధుదుర్గ్‌కి, 2024లో పూరీకి వెళ్లింది. దాంతో విశాఖ విన్యాసాలు ఒక ఏడాది డిసెంబరు 10కి, మరో ఏడాది ఏకంగా 2025 జనవరి 4కి జరిగాయి. ఆ ఏటి తేదీ ప్రకటించాకే ప్రయాణం పెట్టుకోవాలి. అసలు ప్రదర్శనకి ఒకట్రెండు రోజుల ముందు పూర్తిస్థాయి రిహార్సల్ ఉంటుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి మా సలహా రిహార్సలే. అవే విమానాలు, అవే నౌకలు, జనం తక్కువ. రిహార్సల్ కదా అని చిన్నచూపు వద్దు. 2025 జనవరి 2న రిహార్సల్‌లోనే ఇద్దరి పారాచూట్లు గాల్లో చిక్కుపడి సముద్రంలో పడ్డాయి, నేవీ పడవలు వెంటనే వాళ్లని కాపాడాయి. అక్కడ చేసేదంతా నిజంగా చేసేదే.

నిలబడే చోటు. ఇసుకలో వెనక వరసల్లో ఉంటే ముందున్న తలలే కనిపిస్తాయి. నౌకలు, విమానాలు చూడాలంటే బీచ్ రోడ్డు అంచున ఉన్న గోడ, మెట్లు మేలు. అక్కడ ఎత్తు దొరుకుతుంది. కమాండోలు రబ్బరు పడవల్లో ఒడ్డుకొచ్చి దాడి చేసే ఘట్టం నీటి అంచునే జరుగుతుంది కాబట్టి దానికి మాత్రం ముందు వరసే కావాలి. రెండూ ఒకేచోటి నుంచి దొరకవు, ముందే తేల్చుకోండి. ముందు వరస కావాలంటే మూడింటికల్లా చేరాలి. నీళ్లలోకి దిగి నిలబడొద్దు. ఆర్కే బీచ్‌లో ఒడ్డు గబుక్కున లోతవుతుంది, వెనక జనం తోస్తుంటే వెనక్కి రావడం కష్టం.

ఆ రోజు బీచ్ రోడ్డు మీదకి బళ్లు రానివ్వరు. బండి దూరంగా పెట్టుకుని, ఎగువ వీధుల్లోంచి నడిచి దిగడమే. అయిపోయాక అందరూ ఒక్కసారే కదులుతారు. ఫోన్ సిగ్నల్ చచ్చిపోతుంది, పది నిమిషాలైనా కాల్ కలవదు. తప్పిపోతే ఎక్కడ కలవాలో ఇంటి దగ్గరే అనుకుని రావాలి. అందుకు బీచ్‌లో గుర్తు పెట్టుకోకండి, రోడ్డుకి ఎగువనున్న ఏదో ఒక కూడలి పెట్టుకోండి.

ఫోటోలకి ఈ బీచ్ ఇచ్చే వరం ఒకటుంది. ఇది తూర్పు తీరం, సూర్యుడు మన వీపు వెనక దిగుతాడు. నాలుగు నుంచి ఐదు దాకా వెలుగంతా నౌకల మీదే పడుతుంది. డిసెంబరు మొదటి వారంలో సూర్యాస్తమయం సుమారు 5:20కి, జనవరి మొదట్లో ఓ పావుగంట ఆలస్యంగా. ఆ తర్వాత తీసే జెట్ ఫోటోలు అలికేసినట్టే వస్తాయి. జెట్‌కి షటర్ 1/2000 పెట్టండి. హెలికాప్టర్‌కి అంత వేగం పెడితే రెక్కలు ఆగిపోయి బొమ్మ హెలికాప్టర్‌లా కనిపిస్తుంది, 1/250కి దించాలి. ట్రైపాడ్ కాళ్లు ఇసుకలో కూరుకుపోతాయి, కింద చిన్న పలకలు వేసుకోండి. లెన్స్ మీద ఉప్పు తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. కాస్త తడిపిన మెత్తని గుడ్డతో అద్దాలి. డ్రోన్ మాత్రం ఎగరేయొద్దు.

నౌక మీద పేలుడు జరిగినప్పుడు ముందు మెరుపు కనిపిస్తుంది. అది కిలోమీటరు దూరంలో ఉంటే చప్పుడు మూడు సెకన్ల తర్వాత చేరుతుంది. పిల్లలకి ఈ లెక్క చెప్పి, మెరుపు కనపడగానే చెవులు మూసుకోమనండి. జెట్ తలమీంచి పోయేటప్పుడు ఆ వ్యవధి కూడా ఉండదు. పసిపిల్లలకి చెవుల కవర్లు తప్పనిసరి, దూది చాలదు. చీకటి పడ్డాక నేవీ బ్యాండుతో బీటింగ్ రిట్రీట్ అనే సైనిక ముగింపు కవాతు, ఆపైన లంగరేసిన నౌకలన్నీ దీపాలతో వెలుగుతాయి. చాలామంది ట్రాఫిక్‌కి భయపడి ఈ దీపాల ముందే లేచిపోతారు. వెళ్లకండి. ఆ అరగంట ఆగితే దీపాలూ చూస్తారు, రోడ్డూ ఖాళీ అవుతుంది.

ఇక ఆ మిగతా సగం. నేవీ డే అధికారికంగా 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ రేవు మీద మన మిసైల్ బోట్లు నిపాత్, నిర్ఘాత్, వీర్ చేసిన దాడికి గుర్తు. కానీ విశాఖకి ఆ తేదీ మీద సొంత హక్కు ఉంది. అంతకు ముందు రాత్రి, 3 దాటి 4 వచ్చిన అర్ధరాత్రి వేళ, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ హార్బర్ దగ్గర్లోనే మునిగింది. అది వేటాడుతున్న మన విమానవాహక నౌక విక్రాంత్‌ని అప్పటికే అండమాన్ వైపు పంపేశారు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌ని విక్రాంత్‌లా నమ్మించి ఘాజీని ఇక్కడికి రప్పించారు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలతో, అంటే నీటిలోపల పేలే బాంబులతో మునిగిందని మన నేవీ, లోపలి పేలుడో తనే పెట్టిన సముద్రపు మందుపాతరో కారణమని పాకిస్తాన్ చెబుతాయి. నీళ్ల మీద తేలిన శకలాల కబురు ముందు తెచ్చింది మన జాలర్లే. 2021లో విశాఖలో సేవ విరమించిన రాజ్‌పుత్ వేరు, ఇది వేరు. 1971 నాటిది రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నేవీకి పనిచేసిన రోథర్‌హామ్ అనే యుద్ధనౌక. ఘాజీ కూడా ఒకప్పటి అమెరికా జలాంతర్గామి డయాబ్లోనే. విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర నిలబడి కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండకేసి చూస్తే ఈ కథంతా జరిగిన నీళ్లు కనిపిస్తాయి. అయినా ఆ చూపు ఎటు తిప్పాలో చెప్పేవాళ్లుండరు. ఈ పండగకి మేం చెప్పే మొదటి లోటు ఇదే.

విన్యాసాల రోజున మ్యూజియాలు పెట్టుకోకండి, ముందురోజు చూసేయండి. కురుసురకి సోమవారం సెలవు. 91 మీటర్ల ఈ జలాంతర్గామి 1969లో నేవీలో చేరి, 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో తిరిగి, 2001లో రిటైరైంది. దాన్ని ఒడ్డుకి లాగి దిమ్మె మీద కూర్చోబెట్టడానికి పద్దెనిమిది నెలలు, ఐదున్నర కోట్లు పట్టాయి. లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపులున్నాయి. తల ముందు పెడితే నుదురు బొప్పి కడుతుంది. పైనున్న కడ్డీ పట్టుకుని ముందు కాలు దాటించి, ఆ తర్వాత ఒళ్లు వంచాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చీర కుచ్చిళ్లు పొడుగ్గా పెట్టుకున్నవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. నడిపించే గైడ్లు రిటైరైన నేవీవాళ్లు. గుంపుతో పాటు తోసుకుపోకుండా టార్పెడో గదిలో ఆగి ఒక్క ప్రశ్న అడగండి, బోర్డు మీద లేనిది చెబుతారు.

ఎదురుగా టీయూ-142 విమానం. ఇరవై తొమ్మిదేళ్లలో 30 వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరిన దళానికి చెందింది. ఒక్కో ఇంజిన్‌కి రెండేసి పంకాలు ఎదురెదురుగా తిరిగేలా ఉంటాయి, అవి దగ్గర్నుంచి చూడాలి. లోపల కురుసురలో ఉన్నంత సరుకు లేదు, ఇరవై నిమిషాలు చాలు.

విశాఖ మ్యూజియం మాత్రం వదలొద్దు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులేశాయి, అదేరోజు కాకినాడ మీదా వేశాయి. ఆ రోజుల నాటి బాంబు ఒకటి ఇక్కడ ఉంది. నేవీ డేలో ఈ 1942 ముచ్చటే రాదు. ఊళ్లు ఖాళీ చేసి పారిపోయిన సంగతి తాతల నోట విన్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. విన్యాసాలకి ముందు జనం రెండు గంటలు ఊరికే ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆ సమయంలో తెలుగులో ఓ పావుగంట ఈ రెండు కథలూ మైకులో చెప్పిస్తే ఖర్చేమీ కాదు. అలల హోరులో ఆ మైకు వెనక వరసలకి వినపడేలా ఇంకో నాలుగు స్పీకర్లు కూడా పెట్టించాలి.